కండలో కొవ్వు

యలహంక పాతూరులో కదిరమ్మ చేతులకున్న మంచిపేరు ఆమె నోటికి లేదు. ఆమె నీళ్ళు పోస్తే బాలింత నడుం పదిహేను రోజుల్లో నిలబడుతుందని, ఆమె చేతిలో స్నానమైన బిడ్డ మూడు గంటలు కదలకుండా నిద్రపోతుందని చేతులకు పేరు. ఇంట్లో కాలు పెట్టిన రోజు నుంచి నలభయ్యో రోజు దాకా బాలింతనూ, బాలింత తల్లినీ, అత్తనూ, ఆఖరికి లిఫ్టు దగ్గర కూర్చున్న సెక్యూరిటీ మనిషినీ దులిపి ఆరేస్తుందని నోటికి పేరు. పిలిచేవాళ్ళు రెండూ తెలిసే పిలుస్తారు.

యాభై ఏడేళ్ళ మనిషి. బక్కగా, ఎండి గట్టిపడినట్టు ఉంటుంది. మోచేతుల కింద నరాలు తాళ్ళలా తేలి కనిపిస్తాయి. గౌరిబిదనూరు పక్క పల్లెలో పుట్టి, పదిహేడేళ్ళకు ఇటుకల లారీ తోలే ఓబళప్పను కట్టుకుని యలహంక వచ్చింది. ఓబళప్ప పోయి పదిహేనేళ్ళయింది. ఆయన మీద ఆమెకు ఏపాటి ప్రేమ ఉండేదో ఎవరికీ తెలియదు కానీ, ఆయన పిన్నమ్మ మీద మాత్రం భక్తి ఉండేది. ఊరంతా చిక్కమ్మ అని పిలిచే ఆ ముసలామే కదిరమ్మకు పని నేర్పింది. బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకోవడం, ఆముదం వెచ్చబెట్టడం, బాలింత పిక్కల్లో ఎక్కడ వేలు పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో, అన్నీ కళ్ళు మూయించి నేర్పింది. "కంటితో చూస్తే మోసపోతావే. వేలితో చూడు" అనేది.

కదిరమ్మ ముప్పై ఆరేళ్ళుగా వేలితోనే చూస్తోంది. పిక్క పట్టుకుంటే అది నడిచి నడిచి బిగిసిందో, మంచంలో పడి ఉండి బిగిసిందో చెప్పగలదు. భుజం రెక్క కింద గోలీకాయంత గట్టిపడిన కండను వెతికి పట్టుకుని బొటనవేలితో కరిగించగలదు. ఆమె వేలికి దొరికితే నొప్పి ఉన్నట్టు, దొరక్కపోతే లేనట్టు. లేని నొప్పి ఉందనే ఆడవాళ్ళకు ఆమె దగ్గర ఒకటే తీర్పు.

"ఏం లేదు. కొవ్వు."

ఆ మాట కోసం ఆమె తడుముకోవలసిన పని లేదు. తెలుగువాళ్ళ ఇంట్లో కొవ్వు, కన్నడంవాళ్ళ ఇంట్లో కొబ్బు. రెండు భాషల్లోనూ ఒంట్లో పేరుకునేదీ అదే, తలకెక్కేదీ అదే. బెంగళూరులో ఈ ఒక్క తిట్టుకూ తర్జుమా అక్కర్లేదు.

ఆ మాటను అందరికంటే ఎక్కువగా పడ్డది ఆమె చెల్లెలు రాధిక.

రాధిక కదిరమ్మకంటే పద్నాలుగేళ్ళు చిన్నది. చింతామణిలో కాపురం నిలవక, ఇరవై రెండేళ్ళ కిందట ఒక జిప్పు తెగిన సంచితో అక్క ఇంటికి వచ్చింది. అప్పటినుంచి ఇద్దరూ కలిసే పనికి పోతున్నారు. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు మణె మీద, అంటే పొట్టి పీట మీద, కాళ్ళు చాపుకుని కూర్చుని బిడ్డను పట్టుకోవాలి. ఇంకొకరు నీళ్ళు మోయాలి. ఫ్లాట్లలో గీజరు ఒక బకెట్టుకే చల్లబడిపోతుంది. బాలింతకు ఐదు బకెట్లయినా పోయాలి. అందుకని వంటింట్లో గ్యాసు మీద పెద్ద తపేలాలో నీళ్ళు కాచి, హాలు దాటి స్నానాలగదికి మోసుకుపోతారు. మణె మీద కూర్చునేది పెద్దరికం. నలభయ్యో రోజు చీర పెట్టేది ఆమెకు. బిడ్డ ఎదిగాక "నిన్ను కాళ్ళ మీద వేసుకుని సాకిన అవ్వ" అని చూపించేది ఆమెను. తపేలా మోసిన మనిషి పేరు ఎవరికీ గుర్తుండదు. ఇరవై రెండేళ్ళూ మణె కదిరమ్మది, తపేలా రాధికది.

మూడేళ్ళ కిందట రాధికకు నొప్పులు మొదలయ్యాయి. మొదట మెడ, తర్వాత భుజాలు, తర్వాత నడుం, తొడలు. ఎనిమిది గంటలు పడుకుని లేచినా ఒళ్ళంతా ఎవరో రుబ్బి వదిలినట్టు ఉంటుంది. చేతిలో ఏం పట్టుకున్నా నిమిషానికే బరువెక్కుతుంది. మాట మధ్యలో మాట మరిచిపోతుంది. రక్తం పరీక్ష బాగుంది, ఎక్సరే బాగుంది. ఒక డాక్టరు కాల్షియం తక్కువన్నాడు, ఒకరు గ్యాసన్నారు, ఇంకొకామె ఇంట్లో ఏమైనా గొడవలా అని అడిగింది. ఆ చివరి ప్రశ్నకు కదిరమ్మే జవాబు చెప్పి వచ్చింది.

ఒక ఆదివారం కదిరమ్మ తనే పరీక్ష చేసింది. చాప వేసి రాధికను బోర్లా పడుకోమంది.

"యాడ?"

"అంతా."

"అంతా అంటే యాడే? ఒక చోటు చెప్పు."

"ఒక చోటు అని ఉంటే చెప్పనా అక్కా?"

కదిరమ్మ మెడ నుంచి మడమ దాకా వెతికింది. గడ్డ లేదు, బిగువు లేదు. కండలు తనకంటే మెత్తగా, మంచిగా ఉన్నాయి. కానీ వేలు ఆనితే చాలు, రాధిక ఊపిరి బిగబట్టి ముడుచుకుపోయింది. గట్టిగా నొక్కకముందే కళ్ళల్లో నీళ్ళు. అదే కదిరమ్మకు మండింది. అసలు నొప్పి ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. అది నొక్కితే పలుకుతుంది, తాకితే పలకదు.

"తాకకముందే అరిస్తే అది నొప్పి కాదే, నాటకం. లెయ్యి. ఏం లేదు, కొవ్వు."

అప్పటినుంచి ఆ ఇంట్లో తిండి ఎంత మామూలో ఆ మాట అంత మామూలైంది. రాధిక ఉతికిన బట్టలు పిండలేకపోతే కొవ్వు. బస్సులో సీటు అడిగితే కొవ్వు. పక్కింటి పాపక్క కొళాయి దగ్గర "ఏమ్మే రాధికా, ఈ పొద్దు ఎట్లుండావు?" అని పలకరిస్తే, రాధిక నోరు తెరవకముందే కదిరమ్మ అందుకునేది. "మోసేటప్పుడు నొప్పి, మింగేటప్పుడు బాగుంటాది. అట్లుండాది." పాపక్క నవ్వేది. పాపక్క దేనికైనా నవ్వుతుంది. ఆమెతో వచ్చిన చిక్కే అది.

జక్కూరు వైపు ఒక అపార్ట్‌మెంటులో గీతాంజలి అనే బాలింత ఇంట్లో పని చేస్తున్నప్పుడు సంగతి వీధిన పడింది. గీతాంజలిది రాజమండ్రి. పెద్ద ఆసుపత్రిలో కీళ్ళకూ కండలకూ డాక్టరు. పద్దెనిమిదో రోజున రాధిక తపేలాతో హాలు సగం దాటి, సోఫా పక్కన దాన్ని దించి, తనూ పక్కనే కూలబడింది.

"ఏమైందే? నీళ్ళు సల్లారిపోతాండాయి!" స్నానాలగది నుంచి కదిరమ్మ.

"ఒక్క నిమిషం అక్కా. చేతులు రావడంల్యా."

"రాకపోతే తెప్పించుకో. ఈ అపార్ట్‌మెంటులో అన్నీ ఆన్‌లైన్లోనే వస్తాయి గదా, రెండు చేతులు గూడా ఆర్డరు పెట్టు."

ఒంటికి నూనెతో, భుజాల మీద తువ్వాలుతో గీతాంజలి బయటికి వచ్చింది. రాధిక ఎదుట నేలమీదే కూర్చుని అడగడం మొదలుపెట్టింది. ఎన్నాళ్ళనుంచి, నిద్ర ఎలా ఉంది, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా, తాకితే నొప్పేనా. మూడేళ్ళలో తన నొప్పి గురించి ఇన్ని ప్రశ్నలు వరసగా అడిగిన మనిషిని రాధిక చూడలేదు. ఆమె ఏడ్చింది. కదిరమ్మకు ఆ ఏడుపు కూడా తన మీద ఫిర్యాదులాగే వినిపించింది.

గీతాంజలి సెలవు అయిపోయి డ్యూటీలో చేరాక రాధికను ఆసుపత్రికి పిలిపించి, అన్నీ చూసి జబ్బుకు పేరు పెట్టింది. ఫైబ్రోమయాల్జియా. రాధిక ఆ పేరును చీటీ మీద తెలుగులో రాయించుకుని వచ్చింది. కదిరమ్మ చీటీని కాసేపు తిప్పి చూసింది.

"ఏందే ఇది? ఫైబ్రో... మాయ..."

"మయాల్జియా."

"మాయే గదా. పేర్లోనే ఉండాది. మాయరోగం!" కదిరమ్మ చీటీని గూట్లో పడేసింది. "నా పనిలో మాయ అంటే బిడ్డ తర్వాత పడేది. దాన్ని పూడ్చి పెడతారు, చీటీ రాసి దాచుకోరు."

నాలుగు నెలలకు గీతాంజలి మళ్ళీ ఫోను చేసింది. ఈ జబ్బు ఉన్నవాళ్ళ కండల్లో ఏమైనా మార్పులు ఉంటాయా అని తమ ఆసుపత్రిలో ఒక పరిశోధన చేస్తున్నామని, తొడ దగ్గర మత్తు ఇచ్చి బియ్యపుగింజంత కండ తీస్తారని, ఇష్టమైతే రమ్మని చెప్పింది. "దీనివల్ల మీకు జబ్బు ఉందో లేదో తేలదు రాధిక గారూ, అది నేను ఎప్పుడో తేల్చేశాను. ఇది మేము నేర్చుకోవడానికి" అని రెండుసార్లు చెప్పింది. రాధిక రెండుసార్లూ వినలేదు. తీసి చూస్తారు, చూస్తే కనిపిస్తుంది, కనిపిస్తే అక్క నోరు మూతపడుతుంది. ఆమె ఆలోచన అంతే.

కదిరమ్మకూ తన లెక్క ఉంది. రెండు నెలల తర్వాత మొదలయ్యే కొత్త పని ఒకటి ఒప్పుకుంది. కవలపిల్లలు. రెండింతల నీళ్ళు. తపేలా మధ్యలో దించి కూర్చునే మనిషితో అది జరిగే పని కాదు. ఆడబిడ్డ కూతురు భవ్య ఖాళీగా ఉంది, పాతికేళ్ళ పిల్ల, గట్టిది. రాధికను గౌరిబిదనూరులో అన్న మునినారాయణప్ప దగ్గరికి పంపేస్తే పని సాఫీగా సాగుతుంది. కొళాయి దగ్గర, పాపక్క ముందరే పందెం వేసేసింది.

"ఆ డాక్టరమ్మ నీ కండ తీసి, ఇదో ఇక్కడ రోగముండాదని చూపించిందనుకో, ఆ కవలపిల్లల ఇంట్లో మణె నీది. తపేలా నేను మోస్తా. చూపించలేదనుకో, భవ్య వస్తాది. నువ్వు అన్న కాడికి పో."

"మాట మీద ఉంటావా?" అంది రాధిక.

"పాపక్క సాక్షి."

పాపక్క నవ్వింది.

ఆసుపత్రిలో ఇంకో చిత్రం జరిగింది. పోల్చి చూడటానికి నొప్పులు లేని, ఒళ్ళు వంచి పనిచేసే ఆడవాళ్ళు కూడా కావాలని, దొరకడం కష్టంగా ఉందని నర్సు ఎవరితోనో అంటుంటే కదిరమ్మ విన్నది. బెంచీ మీద నుంచి లేచింది.

"నాది తియ్యండి."

గీతాంజలి ఆశ్చర్యపోయింది. "అమ్మా, కొంచెం నొప్పిగా ఉంటుంది. రెండ్రోజులు కుంటాల్సి వస్తుంది. మీకు దీనివల్ల లాభం ఏమీ లేదు."

"లాభం నాకు తెలుసు. నాకు అరవై దగ్గర పడతాండాది. దానికి నలభై మూడు. రెండు కండలూ పక్కపక్కన పెట్టి చూడండి, ఏది పని చేసిన కండో, ఏది కూచున్న కండో మీకే తెలుస్తాది."

వయసూ ఆరోగ్యమూ అడిగి, కాగితాలన్నీ చదివి వినిపించి, సంతకం తీసుకున్నారు. కదిరమ్మ కన్నడ అక్షరాల్లో తన పేరు రాసింది. సూది దిగేటప్పుడు కళ్ళు మూసుకోలేదు. పక్క గదిలో చెల్లెలు మూలిగిందా లేదా అని చెవులు రిక్కించింది. రాధిక మూలగలేదు. అది కదిరమ్మకు నచ్చలేదు.

నెలన్నర తర్వాత గురువారం పిలుపు వచ్చింది. ముందు రాధికది చూశారు. మామూలుగా ఎవరికీ విడిగా చూపించరట. రాధిక వదలకుండా అడిగినందుకు గీతాంజలి కంప్యూటరు తెర వాళ్ళవైపు తిప్పింది. గులాబి రంగులో పలకలు పలకలుగా ఏదో కనిపించింది, ఎండిన చెరువు నేల బీటలు వారినట్టు.

"ఇవి కండ పోగులమ్మా, అడ్డంగా కోసి చూస్తే ఇలా కనిపిస్తాయి. ఇక్కడ పోగుల మధ్య తెల్లగా ఉంది చూడండి, అది కొవ్వు. కాస్తే ఉంది. తర్వాత, పోగుల చుట్టూ సన్నటి రక్తనాళాలు ఉండాలి, రాధిక గారికి అవి మేం అనుకున్నదానికంటే తక్కువ కనిపించాయి. పోగుల లోపల శక్తి తయారయ్యే చోట్లు కూడా అక్కడక్కడా దెబ్బతిన్నట్టున్నాయి. అయితే ఇది అందరిలో ఒకేలా లేదు. మా స్టడీలో ఇంకా ముప్పైమంది కూడా కాలేదు. ఖాయంగా ఏమీ చెప్పలేను."

ఇన్ని మాటల్లో కదిరమ్మకు వినిపించింది ఒక్కటే.

"మళ్ళీ చెప్పండి. ఏముండాది?"

"ఏది, కొవ్వా?"

"ఆఁ. అదే." కదిరమ్మ గొంతులో తీపి కారింది. "పని చెయ్యకుండా కూచుంటే గూడా అట్ల చేరుతాదా డాక్టరమ్మా?"

గీతాంజలి అబద్ధం చెప్పడం తెలియని మనిషి. "చేరొచ్చు. కదలికలు తగ్గితే కండలో ఇలాంటివి కొన్ని రావచ్చు. నొప్పి వల్ల కదలిక తగ్గిందా, ఇది ముందు వచ్చి నొప్పి పుట్టిందా, మాకూ తెలీదు."

ఆ నిజాయితీ రాధిక నెత్తిన పిడుగులా పడింది. ఆస్పత్రి గేటు దాటకముందే కదిరమ్మ మొదలుపెట్టింది. యలహంక బస్సు దిగేసరికి బస్సులో సగంమందికి తెలిసిపోయింది.

"ముప్పై ఆరేండ్లుగా వేలితో చూసి నేను చెప్తాండేదాన్ని సూది పెట్టి తీసి, అద్దంలో చూసి, కంప్యూటర్లో వేసి వాళ్ళు చెప్పినారు. ఏముండాది? కొవ్వుండాది! సుమ్నే, ఊరికే ఆరు నెలలు వేస్టు." పాపక్కకు కొళాయి దగ్గర ఇదే రెండుసార్లు చెప్పింది. పని చేసే ఇంట్లో బాలింతకు నడుం పట్టేటప్పుడు చెప్పింది. గౌరిబిదనూరుకు ఫోను చేసి మునినారాయణప్పకు చెప్పింది. "రానీలే. ఆవులకు గడ్డన్నా ఏస్తాది" అన్నాడాయన. భవ్యకు వచ్చే వారం దాటాక సోమవారం పొద్దున ఆరు గంటలకు రమ్మని కబురు పోయింది.

రాధిక జిప్పు తెగిన సంచి అటక మీద నుంచి దించి, చీరలు మడత పెట్టింది. నాలుగు చీరలకే చేతులు లాగి, మంచం అంచున కూర్చుంది.

"సన్నటి రక్తనాళాలు తక్కువున్నాయని గూడా చెప్పింది అక్కా. అది యాల వినలేదు నువ్వు?"

"విన్నాలే. కొవ్వుకు అవతలది అంతా సొల్లు."

"నేను పోయినాక గూడా ఎవరినో ఒకర్ని అంటావు నువ్వు ఆ మాట."

"కొవ్వుంటే అంటా. లేకపోతే అనను. నాకేం పగనా?"

ఆ తర్వాతి గురువారం కదిరమ్మ ఫలితం. ఆమె ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. రాధిక కూడా రావాలని పట్టుబట్టింది. తన కండ ఎంత నిఖార్సుగా ఉందో చెల్లెలు కళ్ళారా చూసి మరీ ఊరికి పోవాలి. పాపక్కను కూడా రమ్మంది కానీ, ఆమెకు గ్యాసు సిలిండరు వచ్చే రోజైంది.

తెర మీద మళ్ళీ ఆ గులాబి పలకలు. ఈసారి వాటి మధ్య తెలుపు కదిరమ్మ కంటికే కనిపించింది. సన్నటి గీతలు కాదు. పాయలు పాయలుగా, ముద్దలు ముద్దలుగా.

"ఇది దానిది పెట్టినారేమో" అంది.

"కాదమ్మా, మీదే. ఇదిగో, మీ నంబరు."

"మరి ఆ తెల్లంగా ఉండేది ఏంది?"

గీతాంజలికి వారం రోజుల బాగోతం తెలియదు. మామూలుగా చెప్పింది. "కొవ్వేనమ్మా. రాధిక గారికంటే మీకు ఎక్కువే ఉంది. కంగారు పడకండి, వయసుతో పాటు కండలో కొంత చేరుతుంది, ఎంత పనిచేసే వాళ్ళకైనా. అంతమాత్రాన జబ్బు కాదు. మీ రక్తనాళాలు చూడండి, ఎంత బాగున్నాయో. రాధిక గారికి తక్కువున్నవి అవే."

కదిరమ్మ చెల్లెలి వైపు చూడలేదు. చూడకపోయినా తెలిసింది, రాధిక భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుంది. కాదు. నవ్వుతోంది. మూడేళ్ళలో మొదటిసారి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నవ్వితే పక్కటెముకలు నొప్పిపుట్టి "అబ్బా" అంటూ, మళ్ళీ నవ్వుతోంది.

కదిరమ్మ తెరకు దగ్గరగా జరిగింది. ఆమె అడిగింది కొవ్వు గురించి కాదు.

"దానికి తక్కువున్నాయంటివే, ఆ రక్తనాళాలు. వేలు పెట్టి చూస్తే తెలుస్తాదా?"

"తెలీదమ్మా."

"గట్టిగా నొక్కితే?"

"ఎంత నొక్కినా తెలీదు. మాకే మైక్రోస్కోపు కింద, రంగు వేస్తేగానీ కనపడలేదు. చేతికి అందే సంగతి కాదది."

కదిరమ్మ తన కుడిచేతి బొటనవేలిని ఎడమ అరచేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి, చెప్పులేసుకుని, వస్తానని కూడా చెప్పకుండా బయటికి నడిచింది.

బస్టాపులో రాధిక ఆమెకు నాలుగడుగుల దూరంలో నిలబడింది. నవ్వు పోయింది. దాని వెనక దాక్కున్న కోపం ముందుకు వచ్చింది.

"అక్కా."

కదిరమ్మ బస్సు వచ్చే వైపే చూసింది.

"నీకు నాకన్నా ఎక్కువ కొవ్వుండాది."

"వయసుకు వస్తాదని చెప్పింది గదా."

"అది నీకు వినపడింది. మొన్న నాకు చెప్పింది మటుకు వినపడలేదు. కొవ్వుకు అవతలది సొల్లయితే, నీ తెర మీద కొవ్వు తప్ప ఏముండాది? ఇన్నేండ్లు నువ్వు మణె మీద కూచున్నందుకు చేరిందేమో!"

"నోరు ముయ్యే. రోడ్డు మీద ఉండాం."

"నువ్వు బస్సులో చెప్పినావు. నేను బస్టాపులో చెప్తాండా." రాధిక ఆగలేదు. "డాక్టరమ్మ చూపించింది. యాడుండాదో చెప్పింది. పాపక్క సాక్షి. సోమవారం మణె నాది. భవ్యకు ఫోను నువ్వు చేస్తావా, నేను చెయ్యల్నా?"

ఖాయంగా ఏమీ చెప్పలేనని కూడా డాక్టరు అంది. ఆ మాట కదిరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నిన్నటిదాకా ఆ డాక్టరు మాటను ఊరంతా చాటింది తనే. ఇప్పుడు దాన్ని తానే తుడిచేస్తే పాపక్క ఎట్లా నవ్వుతుందో ఆమెకు తెలుసు. బస్సు వచ్చింది. ఎక్కాక, కిటికీ వైపు తిరిగి, భవ్యకు ఫోను చేసింది. "నువ్వు వద్దులే. యాలనా? అడగొద్దు. వద్దంటే వద్దు."

సోమవారం పొద్దున కవలపిల్లల ఇంట్లో, స్నానాలగది గచ్చు మీద రాధిక మణె వేసుకుని కూర్చుంది. బాలింత పేరు అలివేలు. ఆమె తల్లి తడబడింది. "పెద్దావిడ చెయ్యి అని చెప్పారే మాకు?"

"నా చెయ్యి యాడికీ పోలా. బాలింతకు నేనే పడతా" అని కసిరి, కదిరమ్మ వంటింట్లోకి పోయింది. తపేలా ఎత్తింది. ఎప్పుడో ఇరవై రెండేళ్ళ కిందట వదిలేసిన బరువు. హాలు మధ్యకు వచ్చేసరికి మణికట్టు లాగింది. సోఫా పక్కన ఒక క్షణం దించుదామనుకుంది. దించలేదు. పళ్ళు బిగబట్టి నడిచింది. స్నానాలగది గడపలో నీళ్ళు తొణికి పాదం మీద పడ్డాయి.

"స్వల్ప నిదానంగా" అంది రాధిక, తలెత్తకుండా. అచ్చం కదిరమ్మ గొంతుతో.

మొదటి బిడ్డ అయింది. రెండో బిడ్డను వేసుకునేసరికి రాధిక పిక్కలు సన్నగా అదరడం కదిరమ్మ చూసింది. తువ్వాలు ఒకటి గట్టిగా చుట్టి రాధిక మోకాళ్ళ కింద తోసింది. "బిడ్డ జారతాది" అంది, ఎవరో అడిగినట్టు. రాధిక ఆ తువ్వాలును తీసెయ్యలేదు, బాగుందని కూడా అనలేదు.

అలివేలును చాప మీద పడుకోబెట్టి నూనె రాస్తుంటే, ఆమె చిన్నగా చెప్పింది. ఆపరేషను నొప్పి కాదు, అంతకుముందు నుంచే తొడలూ భుజాలూ ఒకటే లాగుతున్నాయని. తలుపు దగ్గర నిలబడ్డ తల్లి అందుకుంది. "రిపోర్టులన్నీ నార్మలేనమ్మా. ఎక్కడ అంటే చెప్పదు, అంతా అంటుంది. మీరే చూడండి, చెయ్యి పెడితే తెలిసిపోతుందట కదా మీకు."

కదిరమ్మ కళ్ళు మూసుకుంది. మెడ, భుజం రెక్కలు, నడుం, తొడలు. ఓపిగ్గా వెతికింది. చిక్కమ్మ నేర్పిన చోట్లన్నీ వెతికింది. గడ్డ లేదు, బిగువు లేదు. కానీ వేలు ఆనినప్పుడల్లా అలివేలు ఊపిరి బిగబడుతోంది.

"ఏం లేదు కదా?" అంది తల్లి, నవ్వుతూ.

స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. రాధిక బిడ్డను పట్టుకుని ఇటే చూస్తోంది.

"ఏం..." అంది కదిరమ్మ. ముప్పై ఆరేళ్ళుగా దారి తెలిసిన మాట గొంతులో నిలబడిపోయింది. దాన్ని మింగింది. "నా చేతికి దొరకలేదు."

"అంటే ఏం లేనట్టేగా?"

"లేదని నేనంటినా?" కదిరమ్మ ఒక్కసారిగా మండిపడింది. "నా చేతికి దొరకలేదంటి. దానికీ దీనికీ తేడా తెలీదా నీకు? పెద్ద డాక్టరుకు చూపించుకోపోండి. పో, ఈడ నిలబడి నవ్వేది గాక సాంబ్రాణి నిప్పులన్నా చూడు పో."

తల్లి వెళ్ళిపోయింది. కదిరమ్మ స్నానాలగది వైపు తిరిగింది.

"నువ్వేం చూస్తాండావే గుడ్లు మిటకరించి? బిడ్డ చెవుల్లోకి నీళ్ళు పోతాయి."

"పోలేదు" అంది రాధిక. "నీళ్ళే అయిపోయినాయి. తెచ్చి పొయ్యి."

కదిరమ్మ నూనె చేతులు చీరకు తుడుచుకుని, ఖాళీ తపేలా అందుకుంది.